రూపకల్పన అందరిది, నిర్వహణ ఎవరిది? – ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ మనుగడపై నల్లగొండ ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం:
యంత్రాల, పరికరాల రూపకల్పన పత్రాలను అందరికీ అందుబాటులో ఉంచే ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ ఉద్యమం ఇటీవలిదిగా కనిపించినా, ఆ ఆలోచన ఉమ్మడి నల్లగొండ జిల్లా గ్రామాలకు దాదాపు అర్ధశతాబ్దం కిందటే చేరింది. పేటెంటు లేని చేతిపంపు, ఈ జిల్లా పేరునే ధరించిన ఫ్లోరైడ్ నివారణ పద్ధతి అందుకు నిదర్శనాలు. వీటిలో ఒకటి దశాబ్దాలపాటు నిలిచింది. మరొకటి తనకు పేరిచ్చిన చోటనే వాడుక తప్పింది. ఈ భేదానికి కారణాలను పరిశీలించి, వాటి ఆధారంగా సింప్యూటర్, శక్తి ప్రాసెసర్ వంటి ఎలక్ట్రానిక్ ప్రయత్నాలను, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత కళాశాలల ప్రాజెక్టులను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్, ఇండియా మార్క్ టూ చేతిపంపు, నల్లగొండ పద్ధతి, ఫ్లోరోసిస్, సింప్యూటర్, నిర్వహణ, ప్రమాణాలు.

1. ప్రవేశిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల్లోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లో చివరి సంవత్సరం విద్యార్థులు ఏటా ప్రాజెక్టు పేరిట ఏదో ఒక పరికరం తయారుచేస్తారు. పొలంలో మోటారును ఫోనుతో నడిపే పెట్టె, ధాన్యంలో తేమ చూపే మీటరు, నేలలో చెమ్మ తగ్గగానే నీరు వదిలే వాల్వు వంటివి మన రాష్ట్రంలో ఎక్కడైనా తరచుగా కనిపించే అంశాలు. వరి పండే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, వందల రైస్ మిల్లులకు ఆధారమైన మిర్యాలగూడలో ఇలాంటి పరికరాలకు అవసరం లేదని ఎవరూ అనలేరు. వాటికి ఆధారమైన ఆర్డ్వినో వంటి బోర్డుల రూపకల్పన బహిరంగమే. సర్క్యూట్ చిత్రాలు, ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. అయినా వైవా ముగిసిన తరువాత ఆ పరికరం పొలానికో మిల్లుకో చేరడం అరుదు. బోర్డును విప్పి మరుసటి బ్యాచ్‌కు ఇవ్వడమే ఎక్కువగా జరుగుతుంది.

దీనికి సాధారణంగా చెప్పే కారణాలు రెండు: విద్యార్థులకు నైపుణ్యం చాలదు, కళాశాలకు నిధులు చాలవు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ నైపుణ్యానికీ నిధులకూ కొదవలేని సంస్థలు చేపట్టిన ఓపెన్ హార్డ్‌వేర్ ప్రయత్నాలు కూడా ఇదేవిధంగా ఆగిపోయాయి. కాబట్టి కారణం మరికొంత లోతున ఉండాలి. దానిని వెదకడానికి బెంగుళూరుకో కాలిఫోర్నియాకో వెళ్ళేముందు ఉమ్మడి నల్లగొండ జిల్లా గ్రామాల్లోని బోరింగు దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం.

2. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ – పరిభాష, చట్టం

ఒక భౌతిక వస్తువు రూపకల్పనను ఎవరైనా అధ్యయనం చేయడానికి, మార్చడానికి, పంచడానికి, ఆ రూపకల్పన ప్రకారం వస్తువును తయారుచేసి అమ్మడానికి వీలుగా బహిరంగపరిస్తే అది ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్. అమ్మే హక్కు కూడా ఈ నిర్వచనంలో భాగమే. 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో మొదలైన ఆర్డ్వినో, అదే ఏడాది ఇంగ్లండులో ఏడ్రియన్ బౌయర్ ప్రారంభించిన రెప్‌రాప్ త్రీడీ ప్రింటరు దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు. ఐరోపా అణుపరిశోధన సంస్థ సెర్న్ 2011లో ప్రత్యేకంగా హార్డ్‌వేర్ కోసమే ఒక లైసెన్సు ప్రకటించింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి తెలుగునాట కొంత చర్చ జరిగింది. 'స్వేచ్ఛ' సంస్థ కృషి వల్ల ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆ భావన పరిచితమే. అయితే సాఫ్ట్‌వేర్ అనుభవాన్ని యథాతథంగా హార్డ్‌వేర్‌కు అన్వయించడం కుదరదు. ప్రోగ్రాముకు రెండో ప్రతి తీయడానికి ఖర్చు లేదు. పంపుకు రెండో ప్రతి అంటే మళ్ళీ అంత ఇనుము, అంత కూలి, అంత రవాణా. ప్రోగ్రాములో దోషం కనిపిస్తే సవరించిన ప్రతిని ఒక్కరాత్రిలో అందరికీ పంపవచ్చు. పంపులో దోషం కనిపిస్తే పంపు ఉన్న ప్రతి ఊరికీ మనిషి వెళ్ళాలి.

చట్టం దృష్ట్యా కూడా భేదం ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు బలం కాపీరైటు నుంచి వచ్చింది. యంత్రం పనిచేసే తీరుకు కాపీరైటు రక్షణ ఉండదు. దానికి పేటెంటు కావాలి, పేటెంటుకు ఖర్చు కావాలి. మన 1957 కాపీరైటు చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హమై ఉండి కూడా నమోదు కాని రూపకల్పనతో పారిశ్రామికంగా యాభైకి మించి వస్తువులు తయారైతే ఆ రూపకల్పనపై కాపీరైటు ముగుస్తుంది. అంటే 'మార్పులు చేస్తే తిరిగి అందరితో పంచుకోండి' అనే షరతును సాఫ్ట్‌వేర్‌లో అమలుచేయించినంత సులభంగా యంత్రాల విషయంలో అమలుచేయించలేం. ఓపెన్ హార్డ్‌వేర్‌ను నిలబెట్టే శక్తి లైసెన్సు కాగితంలో తక్కువగానూ, దాని వెలుపల ఎక్కువగానూ ఉంటుంది.

3. బోరింగు: పేటెంటు లేని పంపు

నల్లగొండ పల్లెల్లో చేతిపంపును బోరింగు అంటారు. నేలకు రంధ్రం వేయడమనే అర్థంగల ఇంగ్లీషు మాట ఆ రంధ్రం మీద నిలిపిన యంత్రానికి పేరయింది. 'బోరింగు కొట్టడం' అంటే నీళ్ళు తోడటం. ఈ బోరింగులో అధికభాగం ఇండియా మార్క్ టూ అనే నమూనా.

1960ల చివర కరువుల తరువాత గట్టి రాతినేలల్లో బోర్లు వేసే యంత్రాలు యునిసెఫ్ సహాయంతో దేశంలోకి వచ్చాయి. బోర్లు పడ్డాయి కానీ వాటి మీద బిగించిన పోత ఇనుప పంపులు నిలవలేదు. అవి ఒక కుటుంబం వాడకానికి ఉద్దేశించినవి. ఊరంతా పగలంతా కొడితే కొద్ది నెలల్లోనే కీళ్ళు అరిగి, పిడి విరిగేవి. 1970ల మధ్యలో పరిశీలించినప్పుడు వేసిన పంపుల్లో అధికభాగం పనిచేయడం లేదని తేలింది.

పరిష్కారం మహారాష్ట్రలోని మిషనరీ వర్క్‌షాపుల్లో అప్పటికే రూపుదిద్దుకుంటూ ఉంది. జాల్నా, షోలాపూర్‌లలో తయారైన ఉక్కు పంపుల్లో అనేక కీళ్ళకు బదులు ఒకే ఇరుసు ఉండేది. షోలాపూర్ నమూనాను ఆధారంగా తీసుకొని యునిసెఫ్, మద్రాసులోని యాంత్రిక ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, ప్రభుత్వరంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి కొత్త పంపును రూపొందించాయి. కోయంబత్తూరు ప్రాంతంలో క్షేత్ర పరీక్షలు జరిగాయి. 1970ల చివర పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలైంది. 1979లో భారతీయ ప్రమాణం ఐఎస్ 9301 వెలువడింది. దీనికి పేటెంటు తీసుకోకుండా బహిరంగంగానే ఉంచాలన్నది బుద్ధిపూర్వక నిర్ణయం. 1990ల మధ్యనాటికి ప్రపంచవ్యాప్తంగా యాభై లక్షల పంపులు తయారయ్యాయన్న అంచనాను తరచుగా ఉదహరిస్తారు.

యంత్రంగా దీని గొప్పతనం సరళతలో ఉంది. పిడి గట్టి ఉక్కు కడ్డీ కాబట్టి దాని బరువే లోపలి కడ్డీల బరువును తూస్తుంది. పిడి తలభాగంలోని చాపం మీదుగా ఒక గొలుసు దిగుతుంది. అందువల్ల పిడి వంపుగా కదిలినా కింది కడ్డీ నిటారుగానే పైకీ కిందికీ ఆడుతుంది. మూసిన బాల్ బేరింగులకు రోజువారీ నూనె అక్కరలేదు. అయితే ఈ పంపు నిలవడానికి ఈ సరళత ఒక్కటే కారణం కాదు.

బహిరంగ రూపకల్పన అంటే ఎవరైనా చేయవచ్చు. ఎవరైనా చేయవచ్చంటే నాసిరకంగానూ చేయవచ్చు. టెండరులో తక్కువ ధర పలికినవాడికే ఆర్డరు దక్కే వ్యవస్థలో పలుచని పైపు, తక్కువ జింకు పూత, నాసి బేరింగు వాడినవాడే గెలుస్తాడు. దీన్ని అడ్డుకోవడానికి యునిసెఫ్ తయారీదారులను ముందుగానే పరీక్షించి అర్హుల జాబితా తయారుచేసింది. ఫ్యాక్టరీ నుంచి పంపులు బయలుదేరకముందే క్రౌన్ ఏజెంట్స్ అనే స్వతంత్ర తనిఖీ సంస్థ చేత పరీక్ష చేయించింది. ప్రమాణ పత్రం, తనిఖీ, ప్రభుత్వాల నిరంతర కొనుగోలు అనే మూడింటి వల్ల అనేక కంపెనీలు చేసిన పంపులకు ఒకే విడిభాగాలు సరిపోయాయి. ఒక కంపెనీ మూతపడినా మరో కంపెనీ బేరింగు అదే చోట కూర్చునేది. ఇక ఊళ్ళో పంపును కనిపెట్టుకొని ఉండే వ్యక్తి, బ్లాకు స్థాయిలో మెకానిక్, జిల్లా స్థాయిలో వాహనంతో తిరిగే బృందం అనే మూడంచెల నిర్వహణ వ్యవస్థ తమిళనాడులో రూపుదిద్దుకొని ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది.

ఈ పంపుకు లోపాలు లేకపోలేదు. కిందనున్న వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. అది ఊరివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, బృందం రావాలి. దానికి సమాధానంగా 1980లలో కోయంబత్తూరు ప్రాంతంలోనే మార్క్ త్రీ రూపొందింది. అందులో 32 మిల్లీమీటర్ల పైపుకు బదులు 65 మిల్లీమీటర్ల పైపు వాడి, పిస్టన్‌ను పైపు లోపలినుంచే పైకి తీసే వీలు కల్పించారు. నిర్వహణ దృష్ట్యా ఇదే మెరుగైన నమూనా. అయినా లావు పైపు ఖర్చు ఎక్కువ, అప్పటికే లక్షల మార్క్ టూ పంపులు నేలలో ఉన్నాయి, వాటి సామాను గోదాముల్లో ఉంది. మెరుగైనది రెండో స్థానంలోనే ఉండిపోయింది. ఓపెన్ హార్డ్‌వేర్‌లో 'కొత్త వెర్షన్' అనే మాట సాఫ్ట్‌వేర్‌లో పలికినంత తేలికగా పలకలేమనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

తనిఖీ సడలితే ఏమవుతుందో ఆఫ్రికా చూపింది. సహారాకు దిగువనున్న దేశాల్లో ఇవే నమూనాల పంపుల పైపులు అకాలంగా తుప్పుపట్టడంపై గ్రామీణ నీటి సరఫరా నిపుణుల అంతర్జాతీయ వేదిక 2022లో వివరమైన నివేదికలు ప్రచురించింది. ఆమ్ల లక్షణం గల నీటిలో జింకు పూత పైపులు వాడకూడదన్న సూచనను పట్టించుకోకపోవడం, ప్రమాణానికి తగని పైపులు సరఫరా కావడం అక్కడ కనిపించిన కారణాలు. రూపకల్పన పత్రం అదే, బహిరంగంగానే ఉంది. దానిని అమలుచేయించే మనిషి మాత్రం కరువయ్యాడు.

4. నల్లగొండ పద్ధతి: పేరు నిలిచింది, వాడుక నిలవలేదు

బోరింగు కథకు మన జిల్లాలో ఒక విషాదపు పార్శ్వం ఉంది. గ్రానైటు రాతి పొరల లోతునుంచి వచ్చే నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉంటుంది. పైపొర బావుల నీటికంటే లోతు బోర్ల నీటిలో అది సాధారణంగా హెచ్చు. కలరా, విరేచనాల నుంచి కాపాడిన బోరే కొన్ని ఊళ్ళలో ఎముకల జబ్బును తెచ్చింది. జిల్లాలో ఫ్లోరోసిస్ బోర్లకంటే పాతదే. సిద్దిఖీ రచించిన నల్లగొండ ఫ్లోరోసిస్ పరిశీలన 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల యువతలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే వికృతిని లాన్సెట్‌లో వివరించారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి పడమటి మండలాల్లో తీవ్రత ఎక్కువ. కృష్ణా కాలువ పారే మిర్యాలగూడ, కోదాడ వైపు తక్కువే అయినా, కాలువ అందని మెట్ట గ్రామాలు పూర్తిగా తప్పించుకోలేదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అనగా నీరి, 1960లనుంచి ఈ సమస్యపై పనిచేసి రూపొందించినదే నల్లగొండ పద్ధతి. 1975లో దాని వివరాలు ప్రచురితమయ్యాయి. పద్ధతి సులభం. నీటిలో తగినంత సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలపాలి. మొదట వేగంగా, తరువాత పది నిమిషాలపాటు మెల్లగా కలియబెట్టాలి. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. గంటసేపు కదపకుండా ఉంచి పైనీటిని వడకట్టి తాగాలి. ఇంట్లో అయితే అడుగుకు కొంచెం ఎగువన కుళాయి బిగించిన బకెట్టు చాలు. ఊరికయితే తొట్టి, మోటారు కావాలి. అన్ని దినుసులూ అంగట్లో దొరికేవే. ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు. అనంతపురం ప్రాంతంలోని కదిరిలో పట్టణానికి సరిపడే శుద్ధి కేంద్రాన్నే ఈ పద్ధతితో కట్టారు. 1986లో ఆరంభమైన తాగునీటి సాంకేతిక మిషన్ దీనిని ఫ్లోరైడ్ గ్రామాలకు తీసుకువెళ్ళింది. టాంజానియాలో బకెట్టు రూపంలో, ఇథియోపియాలో ఊరుమ్మడి కేంద్రాల రూపంలో దీనిని ప్రయత్నించారు. నల్లగొండ ఎక్కడుందో తెలియని ఆఫ్రికా ఇంజినీర్లకు కూడా ఆ పేరు నేడు ఒక సాంకేతిక పదం.

నల్లగొండలో మాత్రం ఆ కేంద్రాలు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. కారణం రసాయన శాస్త్రంలోనే దాగి ఉంది. ఎంత పటిక వేయాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: నీటిలోని ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత. ఇవి బోరుకూ బోరుకూ మారతాయి, ఋతువును బట్టీ మారతాయి. నీరి ఇచ్చినది ఒక పట్టిక. ఆ పట్టికను చదవాలంటే ముందు నీటిని పరీక్షించాలి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం, సల్ఫేటు పెరిగి రుచి చెడుతుంది. ఫ్లోరైడ్ హెచ్చుగా ఉన్న నీటికి పటిక మోతాదు ఎంతగానో పెరుగుతుంది. రోజూ అడుగున దిగే మడ్డిని ఎక్కడో పారబోయాలి, అందులో పట్టుబడిన ఫ్లోరైడ్ అంతా ఉంటుంది. వీటన్నిటికీ ప్రతిదినం ఒక మనిషి కావాలి. ఆ మనిషి జీతం ఏ పద్దులో రాయాలన్న ప్రశ్నకు పథక పత్రాల్లో జవాబు ఉండేది కాదు. నిర్మాణానికి నిధులు ఉండేవి. నిర్మాణం పూర్తయిన మరునాటినుంచి మొదలయ్యే పనికి పంచాయతీ దిక్కు.

బోరింగుకూ దీనికీ ఉన్న తేడాను ఇక్కడ గమనించాలి. బోరింగు చెడితే నీళ్ళు రావు. ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు సర్పంచిని నిలదీస్తారు. శుద్ధి కేంద్రంలో పటిక వేయడం మానితే నీళ్ళు అంతే తేటగా, అంతే ధారగా వస్తాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లోపం బయటపడేది ఏళ్ళ తరువాత పిల్లల పళ్ళమీద, పెద్దల వెన్నెముకల్లో. వైఫల్యం కంటికి కనిపించని పరికరానికి కొలత తప్పనిసరి. కొలిచేవాడు లేని చోట బహిరంగ రూపకల్పన ఎంత చవకైనా నిలవదు.

దాని స్థానంలోకి ఏవి వచ్చాయన్నది కూడా ఆలోచించదగినది. ఒకటి కృష్ణా నీటిని పైపుల ద్వారా తెచ్చే పథకాలు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వీటిలో పెద్దది. మరొకటి ఊరూరా వెలసిన ఆర్వో వాటర్ ప్లాంట్లు. ఆర్వో పొర కంపెనీ సొత్తు, విద్యుత్తు కావాలి, లోనికి వెళ్ళిన నీటిలో గణనీయ భాగం వృథాగా బయటికి పోతుంది. సాంకేతికంగా చూస్తే నల్లగొండ పద్ధతికంటే ఖరీదైనది, మూసి ఉన్నది. కానీ ఇరవై లీటర్ల డబ్బాకు డబ్బు వసూలు చేసే మనిషి ప్రతిఉదయం అక్కడ ఉంటాడు. డబ్బు వస్తుంది కాబట్టి పొర మారుతుంది. ఆ డబ్బు ఇచ్చుకోలేని కుటుంబం మళ్ళీ బోరు దగ్గరికే పోవలసి రావడం ఈ ఏర్పాటులోని అన్యాయం.

5. అదే ఆశయం, ఎలక్ట్రానిక్స్‌లో

బోరింగు తరువాత రెండు దశాబ్దాలకు ఇటువంటి ఆశయమే కంప్యూటరు రూపం ధరించింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలిసి అక్షరాలు రాని గ్రామీణులు సైతం వాడగలిగే చేతి కంప్యూటరును సంకల్పించారు. 1999లో సింప్యూటర్ ట్రస్టు ఏర్పడింది. 2001లో నమూనాను ప్రదర్శించారు. లినక్స్, స్మార్ట్ కార్డు అర, భారతీయ భాషల్లో పలికే సాఫ్ట్‌వేర్ అందులో ఉన్నాయి. హార్డ్‌వేర్ కోసం ప్రత్యేక లైసెన్సు రాశారు. దాని ప్రకారం నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా తయారుచేయవచ్చు, చేసిన మార్పులను కొంత గడువు తరువాత ట్రస్టుకు సమర్పించాలి. సెర్న్ లైసెన్సుకు పదేళ్ళ ముందే ఇది జరిగిందని మరువరాదు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీలో అమిడా పేరిట సుమారు పదివేల రూపాయల ప్రారంభ ధరతో అది బజారుకు వచ్చింది. యాభై వేలు అమ్ముడవుతాయని ఆశించగా, మరుసటి ఏడాదికి అమ్ముడైనవి సుమారు నాలుగు వేలని నాటి వార్తలు.

ఈ వైఫల్యానికి మొబైల్ ఫోన్లను కారణంగా చూపడం పరిపాటి. అది కొంతవరకే నిజం. బోరింగుకు దొరికిన కొనుగోలుదారు సింప్యూటర్‌కు దొరకలేదు. ప్రభుత్వాలు ప్రశంసించాయి, ప్రయోగాత్మకంగా కొన్ని కొన్నాయి, నిరంతరం కొనలేదు. సంఖ్య పెరగనిదే ధర తగ్గదు, ధర తగ్గనిదే సంఖ్య పెరగదు. పైగా పరికరానికి గుండెకాయ వంటి స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్ ఇంటెల్‌ది. ఆ వరుసను ఇంటెల్ కొద్ది ఏళ్ళకే ఎక్స్‌స్కేల్‌తో భర్తీ చేసింది. బేరింగు ఒక కంపెనీ మానేస్తే మరో కంపెనీ చేస్తుంది. చిప్పు అలా కాదు, అది మారితే బోర్డంతా మళ్ళీ గీయాలి. 2007లో మొదటి ఫోనును విడుదల చేసి 2009లో తరువాతి నమూనాను రద్దుచేసుకున్న ఓపెన్‌మోకో కథ కూడా వేరు కాదు.

చిప్పునే బహిరంగంగా తయారుచేస్తే? రిస్క్-ఫైవ్ ఆధారంగా ఐఐటీ మద్రాసులో ఆచార్య కామకోటి బృందం రూపొందించిన శక్తి ప్రాసెసర్ ఆ దిశలో మనదేశపు ముఖ్య ప్రయత్నం. 2018లో దాని తొలి చిప్పు ఇంటెల్ కర్మాగారంలో 22 నానోమీటర్ల విధానంలోనూ, మరొకటి చండీగఢ్ పక్కనున్న మొహాలీలోని సెమీకండక్టర్ ప్రయోగశాలలో 180 నానోమీటర్ల విధానంలోనూ తయారయ్యాయి. రూపకల్పన బహిరంగమే కానీ దానిని సిలికాన్ మీద ముద్రించే కర్మాగారం బహిరంగం కాదు. ప్రభుత్వ ఆసరా ఉన్నందున శక్తి కొనసాగుతోంది. ఆ ఆసరా లేని చోట ఏమవుతుందో అమెరికాలోని ఈఫ్యాబ్‌లెస్ చూపింది. అనేకుల చిన్న చిప్పులను ఒకే సిలికాన్ పలకమీద కలిపి చవకగా ముద్రింపజేసే ఆ సంస్థ 2025 మార్చిలో అకస్మాత్తుగా మూతపడింది. విద్యార్థులు, ఔత్సాహికులు డబ్బు కట్టి పంపిన రూపకల్పనలు మధ్యదారిలో చిక్కుకున్నాయి.

6. ఒక ప్రతివాదం: ఆసు యంత్రం

బహిరంగతే మేలని తేల్చేముందు ఇదే ఉమ్మడి జిల్లాలోని మరో ఉదాహరణను ఎదుర్కోవాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రాన్ని ఏళ్ళ ప్రయత్నం తరువాత 1999లో పూర్తిచేశారు. ఒక్క చీరకు వేలసార్లు చేతిని అటూ ఇటూ ఆడించే శ్రమనుంచి తల్లి లక్ష్మిని తప్పించాలన్న తపనే దానికి ప్రేరణ. యంత్రానికి ఆమె పేరే పెట్టారు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. ఈ యంత్రం ఓపెన్ సోర్స్ కాదు, పేటెంటు ఉంది. అయినా అది నేతకారుల ఇళ్ళకు చేరింది. చేసినవాడే అమ్మాడు, అమ్మినవాడే మరమ్మతు చేశాడు, వాడేవారు ఆయన ఎరిగినవారే. బోరింగుకు యునిసెఫ్, ప్రమాణాల సంస్థ, జిల్లా బృందం కలిసి చేసిన పనిని ఇక్కడ ఒక మనిషి చేశాడు.

అయితే ఈ మార్గానికి హద్దు కూడా స్పష్టమే. ఒక మనిషి చేరగలిగినంత దూరమే యంత్రం చేరుతుంది. పోచంపల్లి పరిసరాల్లో అది సరిపోతుంది. లక్షల ఊళ్ళ నీటికి సరిపోదు. బహిరంగ రూపకల్పన అవసరమయ్యేది రూపకర్త స్వయంగా వెళ్ళలేని చోటుకే. సరిగ్గా ఆ చోటనే నిర్వహణ కూడా దుర్లభమవుతుంది.

7. కళాశాలలు చేయగలిగినది

హైదరాబాదులో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ భవనంలో నమూనాల తయారీకి కావలసిన ఖరీదైన యంత్రాలున్నాయి. సూర్యాపేటకు అది నూట ముప్పై కిలోమీటర్లకు పైగా దూరం. నమూనా తయారీకి ఆ దూరం అడ్డంకి కాదు, ఒకసారి వెళ్ళివస్తే చాలు. వారం వారం చేయవలసిన పనికి మాత్రం దగ్గరి కళాశాలే దిక్కు.

దీనికి ఒక నిర్దిష్టమైన పనిని ఉదాహరిస్తాను. నీటిలో ఫ్లోరైడ్‌ను కొలిచే స్పాడ్న్స్ పద్ధతిలో ఎర్రటి రంగు కారకం ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ వెలిసిపోతుంది. 570 నానోమీటర్ల కాంతి ఆ ద్రావణం గుండా ఎంత దాటిందో కొలిస్తే ఫ్లోరైడ్ తెలుస్తుంది. ఆ రంగుకు దగ్గరి ఎల్ఈడీ, ఒక ఫోటోడయోడు, ఆర్డ్వినో బోర్డు, వెలుగు చొరని పెట్టె ఉంటే పరికరం సిద్ధం. ఇలాంటి కాంతిమాపకాల రూపకల్పనలు బహిరంగంగానే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి ఇది ఒక సెమిస్టరు పని. నీళ్ళ ప్లాంటు నీరైనా, పైపు నీరు ఆగిన రోజున తాగే బోరు నీరైనా భారతీయ ప్రమాణం చెప్పే లీటరుకు ఒక మిల్లీగ్రాము పరిమితిలో ఉందా, ప్రత్యామ్నాయం లేనప్పుడు అనుమతించే ఒకటిన్నరలోనైనా ఉందా అని ఊరివాళ్ళు తెలుసుకోవచ్చు.

పెట్టె తయారైన తరువాతి పని ఇంకా ఉంది. రంగు కారకం సీసా మారిన ప్రతిసారీ సోడియం ఫ్లోరైడుతో చేసిన ప్రామాణిక ద్రావణాలతో పరికరాన్ని సరిచూడాలి. నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే ముందుగా తొలగించాలి, లేకుంటే అంకె తప్పుతుంది. వాడిన ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, దానిని పారబోసే పద్ధతి ఉండాలి. ఎల్ఈడీ మారితే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొంతన చూడాలి. ఇవి ఎలక్ట్రానిక్స్ విభాగపు పనులు కావు, రసాయనశాస్త్ర విభాగపు పనులు. ప్రామాణిక ద్రావణం చేయగల ప్రయోగశాల డిగ్రీ కళాశాలలో ఉంటుంది, బోర్డు చేయగల విద్యార్థి ఇంజినీరింగ్ కళాశాలలో ఉంటాడు. ఈ రెండూ ఒకే పట్టణంలో ఉండి కూడా ఒకే ప్రాజెక్టు నివేదికలో కలవడం అరుదు.

ప్రాజెక్టు మూల్యాంకనంలోనూ చిన్న మార్పు సాధ్యం. కొత్త అంశమా కాదా అన్న ప్రశ్నకే నేడు ఎక్కువ మార్కులు. గత బ్యాచ్ చేసిన పరికరాన్ని తీసుకొని, ఏడాదిపాటు నడిపి, ఎక్కడ చెడిందో, ఏ విడిభాగం దొరకలేదో, దానికి ప్రత్యామ్నాయంగా ఏది కుదిరిందో నమోదు చేసిన విద్యార్థికి నేటి పద్ధతిలో మార్కులు దక్కవు. బోరింగును నిలబెట్టినది అటువంటి నమోదే. అది ఐఎస్ 9301 రూపంలో సవరణల తరువాత సవరణలుగా నేటికీ లభ్యమవుతోంది.

ఇక మిగిలేది వేసవి. ఎండాకాలంలో పైనీరు ఇంకిపోయి లోతు బోర్ల మీద ఆధారం పెరుగుతుంది. పరీక్ష ఎక్కువగా కావలసింది అప్పుడే. విశ్వవిద్యాలయ క్యాలెండరు ప్రకారం ప్రయోగశాలలకు తాళాలు పడేదీ అప్పుడే. మే నెలలో ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ నెల వేతనం ఎవరు ఇస్తారు అన్నవి సర్క్యూట్ చిత్రం గీయకముందే తేల్చుకోవలసిన విషయాలు.